వ్యాన్ కదిలితే ఆల్టర్నేటర్, ఆగితే సోలార్

ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించుకున్న అనుభవం ఉన్నవాళ్లకు క్యాంపర్ వ్యాన్ కరెంటు తేలిక వ్యవహారంలా కనిపిస్తుంది. ఒక బ్యాటరీ, ఒక ఇన్వర్టర్, పైకప్పు మీద రెండు ప్యానెళ్లు, ఇంజిన్ నుంచి ఒక వైరు. అంతే కదా! బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగువాళ్లలో ఫోర్స్ ట్రావెలరో టాటా వింగరో కొని, సీట్లు తీయించి, మంచం, వంటగట్టు పెట్టించుకుని వారాంతాల్లో లేపాక్షి, హార్సిలీ హిల్స్, గండికోట చుట్టి రావాలనుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్ల ప్యానెల్ వేయించాలి?" అని. నన్నడిగితే ఆ ప్రశ్న అన్నిటికన్నా చివర్లో రావాలి.

ఇంట్లో బ్యాటరీ పని బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటు పోయినప్పుడు గంటో రెండు గంటలో గట్టెక్కించడం. కరెంటు రాగానే దానంతట అదే నిండుతుంది, దాని గురించి మనం ఆలోచించం. వ్యాన్‌లో ప్రతి యూనిట్‌నూ సంపాదించుకోవాలి. అపార్ట్‌మెంట్ సంపుకి కావేరి నీళ్లు వాటి వేళకి అవి వస్తాయి, ట్యాంకర్ మనం పిలిస్తే వస్తుంది గానీ డబ్బు తీసుకుంటుంది. సోలార్ మొదటి రకం, ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ రెండో రకం. మీ ప్రయాణాల్లో బండి ఎన్ని గంటలు కదులుతుంది, ఎన్ని రోజులు ఒకేచోట ఆగుతుంది అన్నదాన్ని బట్టి ఏది ముఖ్యమో తేలుతుంది. మిగతా సామానంతా దాని వెనకే వస్తుంది.

ముందు ఖర్చు లెక్క

కాగితం మీద రాసుకోవాల్సింది మీరు వాడే వస్తువుల చిట్టా. ఇద్దరు మనుషులు, ఒక రోజు అనుకుందాం. కంప్రెసర్ ఉన్న 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ 45 వాట్లు తీసుకుంటుంది, ఎండలో సగం సేపు ఆడుతుంది. రోజుకు 540 వాట్ అవర్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో 28 వాట్లు, రాత్రంతా కలిపి పది గంటలకు 280. లైట్లకు 75 దాకా. ల్యాప్‌టాప్ నాలుగు గంటలు వాడితే 240. ఆఫీసు కాల్ ఉందంటూ శుక్రవారం మధ్యాహ్నమే బయల్దేరే సాఫ్ట్‌వేర్ దంపతులైతే దీన్ని రెట్టింపు చేసుకోండి. ఫోన్లు, కెమెరా, నీళ్ల పంపు కలిపి 80. మొత్తం 1,200 పైచిలుకు. ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే చాలు, ఏ పనీ చేయకుండానే పది, పదిహేను వాట్లు తినేస్తుంది. దాన్ని అవసరమైనప్పుడే ఆన్ చేసుకున్నా, అదీ కలిపితే రోజుకు దాదాపు 1.4 యూనిట్లు (యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు).

ఈ అంకెను ఒక్కసారిగా తలకిందులు చేసేవి రెండున్నాయి, ఇండక్షన్ స్టవ్, ఏసీ. ఇండక్షన్ మీద రెండు పూటలా అన్నం, కూర వండితే ఇంకో యూనిట్ దాకా పడుతుంది. అది భరించదగ్గదే. ఏసీ సంగతి వేరు. టన్ను ఇన్వర్టర్ ఏసీ రాత్రి ఎనిమిది గంటలు ఆడితే నాలుగైదు యూనిట్లు తాగుతుంది. దానికోసం బ్యాటరీ, ప్యానెళ్లు పెంచుకుంటూ పోతే వ్యాన్ సగం కరెంటు సామానుకే సరిపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి చుట్టుపక్కల రాత్రులు ఫ్యాన్‌తో గడిచిపోతాయి. మే నెలలో గండికోటలో పడుకోవాలంటే మాత్రం ఏసీ కావాలి. అలాంటప్పుడు ప్లగ్గు పాయింటు ఇచ్చే రిసార్టులోనో హోటల్ ఆవరణలోనో బండి ఆపుకోవడం తెలివైన పని. ఏసీని ఆఫ్-గ్రిడ్ (బయటి ప్లగ్గు లేకుండా సొంత కరెంటుతో గడిపే) లెక్కలోంచి తీసేస్తేనే మిగతా లెక్క మనిషి చేతుల్లో ఉంటుంది.

బ్యాటరీ: లిథియమే, కానీ అడిగి కొనండి

ఇంట్లో వాడే 150 ఏహెచ్ (యాంపియర్ అవర్లు, వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు. దాన్ని సగం కన్నా ఎక్కువ ఖాళీ చేస్తే ఆయుష్షు తగ్గిపోతుంది, కాబట్టి చేతికి దక్కేది 0.9. బరువు యాభై కిలోలు దాటుతుంది. పైగా చివరి ఇరవై శాతం నిండడానికి గంటల తరబడి సమయం తీసుకుంటుంది. రోజుకు నాలుగు గంటలు నడిచే బండికి ఇది పెద్ద లోపం. ఎందుకంటే అది ఎప్పుడూ పూర్తిగా నిండదు, నిండని లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపల సల్ఫేట్ పేరుకుని చచ్చిపోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అందరూ ఎల్ఎఫ్‌పీ అనేది, నాలుగు సెల్స్ వరుసగా కలిపితే 12.8 వోల్టులు. 200 ఏహెచ్ అంటే 2.56 యూనిట్లు, అందులో తొంభై శాతం నిశ్చింతగా వాడుకోవచ్చు. సగంలో వదిలేసినా దానికి దిగులు లేదు. రెండు వేల సార్లకు పైగా నింపి ఖాళీ చేసినా పనిచేస్తుంది. మనం పైన వేసుకున్న 1.4 యూనిట్ల ఇంటికి 200 ఏహెచ్ ఒక్కటి ఉంటే, ఎక్కడినుంచీ చార్జింగ్ లేకపోయినా ఒకటిన్నర రోజు గడుస్తుంది.

కొనేటప్పుడు రెండు విషయాలు గట్టిగా అడగాలి. ఒకటి, లోపలి సెల్స్ నిజంగా ఎల్ఎఫ్‌పీ యేనా అని. పాత స్కూటర్ బ్యాటరీల నుంచి తీసిన, ఎన్ఎంసీ అనే వేరే రకం లిథియం సెల్స్‌తో కట్టిన ప్యాక్ కూడా '12 వోల్టుల లిథియం' పేరుతోనే అమ్ముడవుతుంది. ఫుల్ చార్జి వోల్టేజి ఎంత అని అడిగితే బండారం బయటపడుతుంది. ఎల్ఎఫ్‌పీ అయితే 14.4 నుంచి 14.6 చెప్తారు. 12.6 అన్నారంటే అది మూడు సెల్స్ ఎన్ఎంసీ, మీ చార్జర్లేవీ దానికి కుదరవు. రెండోది బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) ఎన్ని యాంపులదని. 100 యాంపుల బీఎంఎస్ ఉన్న బ్యాటరీకి 2,000 వాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే, ఇండక్షన్ ఫుల్‌లో పెట్టగానే ఇన్వర్టర్ 190 యాంపుల దాకా లాగుతుంది, బీఎంఎస్ ఠక్కున కట్ చేస్తుంది. అది బీఎంఎస్ తప్పు కాదు. ఎస్.పి.రోడ్డులో సెల్స్ విడిగా తెచ్చి ప్యాక్ కట్టిచ్చేవాళ్లున్నారు. ఎక్కడ కొన్నా సరే, మీ ముందే లోడు పెట్టి పూర్తిగా ఖాళీ చేసి ఎన్ని ఏహెచ్ వచ్చిందో చూపించమనండి.

ఆల్టర్నేటర్‌కి లిథియం అంటే ఎందుకు భయం

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. బాగా చేసే మెకానిక్కులు కూడా తడబడేది ఇక్కడే. "సార్, మధ్యలో ఒక రిలే పెడితే చాలు, ఇంజిన్ ఆన్ అయితే రెండు బ్యాటరీలూ చార్జ్ అవుతాయి" అని చెప్తారు. రిలే అంటే కరెంటుతో దానంతట అదే తెరుచుకుని మూసుకునే స్విచ్. లెడ్ యాసిడ్ కాలంలో అది నిజమే. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుతున్నకొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది, అది లాగే కరెంటు దానంతట అదే తగ్గిపోతుంది. కాబట్టి ఆల్టర్నేటర్ మీద పెద్ద బరువు కాసేపే పడుతుంది. ఎల్ఎఫ్‌పీకి ఆ మొహమాటం లేదు. దాని లోపలి నిరోధం చాలా తక్కువ, వోల్టేజి 13.3 దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. దొరికినంత కరెంటు లాగుతుంది, దాదాపు నిండేదాకా లాగుతూనే ఉంటుంది.

ఆల్టర్నేటర్ మీద 120 యాంపులు అని రాసి ఉంటే అది చల్లగా ఉండి వేగంగా తిరుగుతున్నప్పటి మాట. వేడెక్కాక అంత ఇవ్వదు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంటే సగం ఇచ్చినా గొప్పే. దాన్ని చల్లబరిచే ఫ్యాను దాని ఇరుసు మీదే ఉంటుంది కాబట్టి, నెమ్మదిగా తిరిగినప్పుడు గాలి కూడా తక్కువే. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర బండి అంగుళం అంగుళం కదులుతోందని ఊహించుకోండి. ఇంజిన్ ఐడ్లింగ్, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను ఆన్, బోనెట్ కింద సెగ, వెనక ఖాళీ లిథియం బ్యాటరీ. ఆల్టర్నేటర్ తన శక్తికి మించి మోస్తూ, చల్లారే దారి లేకుండా ఉంటుంది. ఇలా కొన్నాళ్లు గడిస్తే లోపలి డయోడ్లో, రాగి తీగ చుట్టలో కాలిపోతాయి. హైవే మీద ఎప్పుడూ రాని జబ్బు నగరం దాటకముందే వస్తుంది.

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. రిలే ద్వారా నేరుగా చార్జ్ అవుతున్న లిథియం బ్యాటరీ నిండిపోయిందనో వేడెక్కిందనో బీఎంఎస్ దాన్ని ఉన్నట్టుండి విడదీస్తే, అప్పటిదాకా 80 యాంపులు ఇస్తున్న ఆల్టర్నేటర్‌కి ఆ కరెంటు పోయే చోటు ఉండదు. అది తగ్గడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది. ఆలోగా వోల్టేజి ఎగిసిపడుతుంది. ఇంజిన్‌ని స్టార్ట్ చేసే ముందు వైపు బ్యాటరీ, అంటే స్టార్టర్ బ్యాటరీ, కొంత మింగుతుంది గానీ, అది పాతదై బలహీనంగా ఉంటే ఆల్టర్నేటర్ డయోడ్లు, బండి ఎలక్ట్రానిక్స్ దెబ్బతినొచ్చు.

మూడో చిక్కు కొత్త బండ్లది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక, మైలేజి కోసం, పొగ తగ్గించడం కోసం ఆల్టర్నేటర్‌ని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చెప్పుచేతల్లో పెట్టిన బండ్లు బాగా పెరిగాయి. యాక్సిలరేటర్ తొక్కితే వోల్టేజి 12.5 దగ్గరికి పడిపోతుంది, బ్రేకు వేసినప్పుడో దిగుడులోనో 15 దాకా ఎక్కుతుంది. వోల్టేజిని చూసి పనిచేసే పాత రిలే దీంతో ఆన్, ఆఫ్ అవుతూ కొట్టుకుంటుంది. పైగా ముందు వైపు 12.5 ఉండి, వెనక లిథియం 13.3 ఉంటే కరెంటు వెనక నుంచి ముందుకే పారుతుంది.

ఈ మూడింటికీ మందు ఒక్కటే, డీసీ-డీసీ చార్జర్. ఆల్టర్నేటర్ వైపు నుంచి 12 వచ్చినా 15 వచ్చినా, వెనక బ్యాటరీకి కావాల్సిన 14.4 తయారు చేసి ఇస్తుంది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, కరెంటుకి హద్దు పెడుతుంది. 30 యాంపుల చార్జర్ అంటే 30 యాంపులే, బ్యాటరీ ఎంత ఖాళీగా ఉన్నా సరే. బీఎంఎస్ హఠాత్తుగా కట్ చేసినా ఆ దెబ్బ ఆల్టర్నేటర్ దాకా పోదు.

ఎన్ని యాంపులది కొనాలి? ఆల్టర్నేటర్ 120 యాంపులదైతే, బండి సొంత అవసరాలకు నలభై, యాభై పోతాయి. మిగిలినదాంట్లోనూ కొంత వెసులుబాటు వదలాలి. 30 యాంపుల చార్జర్ వెనక్కి 420 వాట్లు ఇవ్వాలంటే తన నష్టాలు కలుపుకుని ముందు నుంచి 35 యాంపుల దాకా లాగుతుంది. నా లెక్కలో బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగే బండికి 30 చాలు. 50 లేదా 60 పెట్టుకోవాలనుకుంటే, ఐడ్లింగ్‌లో సగానికి తగ్గించే సెట్టింగ్ ఉన్నది చూసి కొనండి. బండి కొత్తదైతే ఇగ్నిషన్ సిగ్నల్ వైరు చార్జర్‌కి తప్పనిసరిగా కలపాలి. లేకపోతే ఇంజిన్ ఆడుతోందో లేదో వోల్టేజిని చూసి దానికి తెలియదు.

మరో చిన్న సంగతి. స్టార్టర్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ డబ్బా ఉన్న బండ్లలో, చార్జర్ నెగటివ్ వైరుని ఆ టెర్మినల్‌కి నేరుగా బిగించకూడదు. బాడీ ఎర్తింగ్ బోల్టుకి బిగించాలి. అప్పుడే ఆ కరెంటు సెన్సర్ లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఈసీయూ బ్యాటరీ పరిస్థితిని తప్పుగా అంచనా వేస్తుంది.

"ఇంజిన్ ఎలాగూ తిరుగుతోంది, కరెంటు ఫ్రీయే కదా" అనేవాళ్లకు ఒక మాట. లీటరు డీజిల్‌లో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. అందులో మూడో వంతు ఇంజిన్ ఇరుసు దాకా వస్తుంది. బెల్టు, ఆల్టర్నేటర్ అందులో సగానికి దగ్గరగా మింగేస్తాయి, చార్జర్ ఇంకో పది శాతం. చివరికి చేతికొచ్చేది లీటరుకు ఒకటిన్నర యూనిట్. లీటరు 90 రూపాయలు అనుకుంటే యూనిట్ 60 రూపాయలు. ఇది బెస్కామ్ ధరకు ఎన్నో రెట్లు, కానీ వారాంతానికి రెండు యూనిట్లంటే 120 రూపాయలే, దారిలో ఇద్దరి టిఫిన్ ఖర్చు. బండి ఆపి, చార్జింగ్ కోసం ఇంజిన్ ఆన్‌లో ఉంచడం మాత్రం శుద్ధ దండగ. ఐడ్లింగ్‌లో గంటకు అర లీటరు పైనే కాలుతుంది, 0.4 యూనిట్ వస్తుంది. యూనిట్ వంద రూపాయలు దాటిపోతుంది, పక్క టెంట్లవాళ్ల శాపనార్థాలు అదనం.

వైరు, ఫ్యూజు

డీసీ-డీసీ చార్జర్‌ని వెనక బ్యాటరీ పక్కన పెడతాం. స్టార్టర్ బ్యాటరీ నుంచి అక్కడికి ట్రావెలర్‌లాంటి బండిలో ఐదు మీటర్లు, రానూ పోనూ పది. 35 యాంపులు పారితే 4 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లు) వైరులో ఒకటిన్నర వోల్టు దారిలోనే ఆవిరైపోతుంది. 6 స్క్వేర్‌లో ఒక వోల్టు. 16 స్క్వేర్‌లో 0.4 కన్నా తక్కువ. ఇంటి వైరింగ్ అలవాటున్న ఎలక్ట్రీషియన్‌కి "4 స్క్వేర్ మీద గీజర్ నడుస్తుంది సార్, ఇది నడవదా?" అనిపించడం సహజం. 230 వోల్టుల్లో ఒకటిన్నర వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే ఎనిమిదో వంతు పోయినట్టు. 16 స్క్వేర్, సన్నటి పోగులున్న ఫ్లెక్సిబుల్ రాగి వైరు తీసుకోండి. వెల్డింగ్ కేబుల్ కూడా పనికొస్తుంది. వైరు కొసకు తొడిగే లగ్గుల్ని సుత్తితో కొట్టి కాదు, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించండి. జె.సి.రోడ్డు, ఎస్.పి.రోడ్డు దుకాణాల్లో వైరు కొంటే అక్కడే నొక్కిస్తారేమో అడగండి.

ఆ వైరుకి రెండు కొసల్లోనూ ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే రెండు కొసల్లోనూ బ్యాటరీ ఉంది. మధ్యలో ఎక్కడైనా రేకు అంచుకి ఒరుసుకుని ఇన్సులేషన్ పోతే రెండు వైపుల నుంచీ మంట వస్తుంది. 30 యాంపుల చార్జర్‌కి 50 యాంపుల ఫ్యూజు, వీలైనంత బ్యాటరీ దగ్గర. ఇక్కడ ఇంటి ఎంసీబీ (దానంతట అదే ట్రిప్పయ్యే బ్రేకర్) పెట్టేవాళ్లున్నారు, వద్దు. ఇంటికి వచ్చే ఏసీ కరెంటు దిశ మారుతూ సెకనుకు వంద సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఎంసీబీ తెరుచుకోగానే లోపలి మెరుపు ఆరిపోతుంది. బ్యాటరీ ఇచ్చే డీసీ సున్నాకి రాదు, ఆ మెరుపు అలాగే మండుతూ ఉంటుంది. డీసీకని రాసి ఉన్న బ్రేకరో ఫ్యూజో మాత్రమే పనికొస్తుంది. లిథియం బ్యాటరీ షార్టయితే వేల యాంపులు కక్కుతుంది కాబట్టి దాని ప్రధాన ఫ్యూజు అంత భారీ కరెంటునూ ఆపగలిగే క్లాస్-టి రకమైతే మరీ మంచిది.

ఇండక్షన్ తప్పనిసరి, ఇన్వర్టర్ 2,000 వాట్లు దాటాలి అంటే 12 వోల్టుల దగ్గర బొటనవేలంత లావు కేబుళ్లు కావాలి. అలాంటివాళ్లు వ్యాన్ వెనక వైపు కరెంటు ఏర్పాటు మొత్తాన్ని 24 వోల్టులకు మార్చి, 12 నుంచి 24కి పెంచే డీసీ-డీసీ చార్జర్ తీసుకోవడం మేలు. కరెంటు సగమవుతుంది, వైరు సన్నబడుతుంది.

ఇక సోలార్

పైకప్పు మీద ప్యానెల్ పరిచినట్టు పెట్టాలా, వాలుగా పెట్టాలా అనే చర్చ చలిదేశాలది. బెంగళూరు, చెన్నై రెండూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. ఏప్రిల్ చివర్లో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలువుగా ఉన్న స్తంభానికి నీడే ఉండదు. దాన్నే శూన్య ఛాయా దినం అంటారు. కాబట్టి ప్యానెల్ పడుకోబెట్టి పెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి 36 డిగ్రీలు వాలి ఉంటాడు, అప్పుడు కొంత తగ్గుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండే నెల కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అసలు నష్టం వేడి వల్ల. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. రేకు పైకప్పు మీద అది 60 దాటుతుంది, డిగ్రీకి 0.35 శాతం చొప్పున పన్నెండు, పదమూడు శాతం పోతుంది. ప్యానెల్‌ని రేకుకి అతికించేయకుండా కింద గాలి ఆడేలా రెండంగుళాలు ఎత్తులో బిగిస్తే ఇందులో కొంత వెనక్కి వస్తుంది. వంగే పల్చటి ప్యానెళ్లు నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం. అవి రేకుకి అతుక్కుని మాడిపోతాయి.

మన ఎండకు రోజుకు నాలుగున్నర నుంచి ఐదు పూర్తి ఎండ గంటలు (రోజంతా పడే ఎండను నడినెత్తి ఎండ గంటల్లోకి మారిస్తే వచ్చే లెక్క) వేసుకోవచ్చు. వేడి, దుమ్ము, వైరు నష్టాలు తీసేస్తే వాట్లను ఎండ గంటలతో గుణించి అందులో 70 శాతం చేతికొస్తుంది. 400 వాట్లకు 1.3 యూనిట్ల పైన. మన ఇద్దరి ఖర్చుకి అది దాదాపు సరిపోతుంది. జూలైలో సకలేశపుర, కొడగు వైపు వెళ్తే ఇది సగానికి, ఒక్కోసారి మూడో వంతుకి పడిపోతుంది. నిద్రగన్నేరు చెట్టు కింద బండి ఆపితే లోపల హాయిగా ఉంటుంది, పైన ఏమీ రాదు. ఒక్క కొమ్మ నీడ ప్యానెల్‌లో ఒక వరుస సెల్స్ మీద పడినా బైపాస్ డయోడ్ ఆ భాగాన్ని పక్కన పెట్టేస్తుంది, మూడో వంతు పోతుంది. చల్లదనమా, చార్జింగా అన్నది రోజూ తేల్చుకోవాల్సిన పంచాయితీ.

ఇళ్ల మీద వేసే 540 వాట్ల ప్యానెల్ సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 వెడల్పు, 28 కిలోల బరువు. వాటుకి ధర చూస్తే అదే చవక, ట్రావెలర్ మీద పడుతుంది. కానీ ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి అందించే కంట్రోలర్ పీడబ్ల్యూఎం రకంది తగిలిస్తే కొంప మునుగుతుంది. ఆ ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 యాంపులు ఇస్తుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 13 యాంపులు, 13.3 వోల్టులు, అంటే 175 వాట్లే. 540కి డబ్బిచ్చి 175 వాడుకున్నట్టు. ఎంపీపీటీ అనే రెండో రకం కంట్రోలర్ అయితే వోల్టేజిని కరెంటుగా మార్చి 40 యాంపుల దాకా ఇస్తుంది. రెండు ప్యానెళ్లు పెట్టేవాళ్లు వాటిని సిరీస్‌లో కలిపే ముందు ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (ఏ లోడూ లేనప్పటి వోల్టేజి) చూడాలి. ఒక్కోటి 49.5 అయితే రెండూ కలిపి 99. కంట్రోలర్ హద్దు 100 కదా, సరిపోయిందనుకోకండి. చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. ఊటీలో పది డిగ్రీల ఉదయాన అది 103 అవుతుంది, కంట్రోలర్ పోతుంది. ప్యారలల్‌లో కలపండి, లేదా 150 వోల్టుల కంట్రోలర్ తీసుకోండి.

ఏది ముందు కొనాలి

బెంగళూరు నుంచి గండికోట దాదాపు 280 కిలోమీటర్లు, ఐదారు గంటలు. 30 యాంపుల చార్జర్ ఆరు గంటల్లో 180 ఏహెచ్ నింపుతుంది. ఖాళీ బ్యాటరీతో బయల్దేరినా పెన్నా లోయ అంచున ఆగేసరికి 200 ఏహెచ్ బ్యాటరీ దాదాపు నిండుతుంది. ఒక రాత్రి, ఒక పగలు వాడుకుంటారు, తిరుగు దారిలో మళ్లీ నిండుతుంది. ఈ ప్రయాణంలో సోలార్ ప్యానెల్‌కి పనే లేదు. శుక్రవారం వెళ్లి ఆదివారం వచ్చేవాళ్లు ముందు కొనాల్సింది డీసీ-డీసీ చార్జర్. దానితో పాటు, ఇంటి ప్లగ్గు నుంచి నింపే 20 యాంపుల చార్జర్. అది 5 యాంపుల సాకెట్ నుంచే 200 ఏహెచ్‌ని పదకొండు గంటల్లోపు నింపుతుంది, గురువారం రాత్రి పెడితే శుక్రవారానికి సిద్ధం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ని ఒప్పించడమే అందులో కష్టమైన పని. ట్రావెలర్ ఎత్తుకి చాలా బేస్‌మెంట్లలో దారి ఉండదు, విజిటర్స్ పార్కింగ్‌లో సాకెట్ ఉండదు. ప్లగ్గు దొరకనివాళ్లకు, బండి ఆరుబయట ఎండలో నిలబడేవాళ్లకు 200 వాట్ల ప్యానెల్ అయినా అక్కరకొస్తుంది.

గోకర్ణలో నాలుగు రోజులు బండి కదపకుండా ఉండేవాళ్లకు, వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని నెలల తరబడి తిరిగేవాళ్లకు కథ తిరగబడుతుంది. వాళ్లకు 400 నుంచి 540 వాట్ల సోలారే ప్రధానం, ఆల్టర్నేటర్ మబ్బు రోజుల బీమా. రెండూ ఉన్నప్పుడు అవి ఒకే బ్యాటరీకి ఒకేసారి చార్జింగ్ ఇచ్చినా గొడవేమీ లేదు. రెండింటి కరెంటూ కలిసిపోతుంది. రెండింటి లిథియం సెట్టింగ్ ఒకేలా ఉంచి, మొత్తం కరెంటు బ్యాటరీ తీసుకోగలిగిన హద్దు దాటకుండా చూస్తే చాలు.

లద్దాఖ్ ఆలోచన ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఎల్ఎఫ్‌పీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు. లిథియం లోహం ఆనోడ్ మీద పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా పాడవుతుంది. తెల్లవారి ఇంజిన్ స్టార్ట్ చేయగానే డీసీ-డీసీ చార్జర్ 30 యాంపులు తోసేస్తుంది. కాబట్టి బీఎంఎస్‌లో చలి కటాఫ్ ఉండాలి, బ్యాటరీ ఛాసిస్ కింద కాకుండా మంచం కింద ఉండాలి.

ఆర్టీఓ విషయం పొడిగా చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చడం కుదరదు. సీట్లు తీయిస్తే సీట్ల సంఖ్య మారుతుంది, కాబట్టి పని మొదలుపెట్టే ముందే అనుమతి గురించి కనుక్కోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. వైరింగ్ వల్ల మంట వచ్చిన బండికి క్లెయిము అడిగినప్పుడు మొదట అడిగేవి ఈ కాగితాలే.

అంతా బిగించాక వోల్టేజి చూసి బ్యాటరీ ఎంతుందో చెప్పాలని ప్రయత్నించకండి. ఎల్ఎఫ్‌పీ ఎనభై శాతంలోనూ నలభై శాతంలోనూ దాదాపు ఒకే వోల్టేజి చూపిస్తుంది. వచ్చిన, పోయిన యాంపుల్ని లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టించండి, నెగటివ్ వైరులన్నీ దాని ద్వారానే పోవాలి. మొదటిసారి చార్జర్ ఫుల్‌గా పనిచేస్తున్నప్పుడు స్టార్టర్ బ్యాటరీ దగ్గర ఒకసారి, చార్జర్ ఇన్‌పుట్ దగ్గర ఒకసారి మల్టీమీటర్ పెట్టి చూడండి. తేడా అర వోల్టు దాటితే ఏదో లగ్గు సరిగ్గా కూర్చోలేదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక ఆల్టర్నేటర్ ఒంటిని చూడండి, వంద డిగ్రీలు బాగా దాటుతుంటే చార్జర్ కరెంటు తగ్గించండి. మన రోడ్ల కుదుపుకి బోల్టులు వదులవుతాయి. మొదటి ఐదొందల కిలోమీటర్ల తర్వాత ప్రతి లగ్గునూ, ఫ్యూజు హోల్డర్‌నూ మళ్లీ ఒకసారి స్పానర్‌తో బిగించాలి.